సందులో వయొలిన్లు

పాటల్లోంచి వయొలిన్లను ఎవరో తీసేస్తున్నారని నేను చాలాకాలం గట్టిగా నమ్మాను. నవ్వేవాళ్లు నవ్వండి. పాత సినిమా పాటలను శుభ్రం చేసి మళ్లీ కొత్తగా పెట్టామని ఫోన్లో పాటలు పెట్టేవాళ్లు చెప్పుకుంటారు కదా, ఆ శుభ్రంలోనే ఊడ్చి పారేస్తున్నారనుకున్నాను. పల్లవి ఉంటుంది, చరణం ఉంటుంది, తబలా దరువు ఉంటుంది. మధ్యలో బోలెడుమంది కలిసి ఒక్కసారిగా లేచే ఆ వయొలిన్లు మాత్రం ఉండవు. ఉన్నా, పక్కింట్లో ఎవరో తలుపు మూసుకుని వాయించుకుంటున్నట్టు ఉంటాయి.

ఫోను మార్చాను. మా అమ్మాయి చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బుడిపెలు పెట్టుకున్నాను, పీకి అవతల పడేశాను. స్పీకరు కొన్నాను, వారం తిరక్కుండా దాన్ని సంచిలో వేసుకుని అమ్మినవాడి దగ్గరికే పోయాను.

"ఆంటీ, మాల్ మంచిగనే ఉంది. ఏం తక్లీఫ్ ఉంది దీనితోని?" అని ఆ పిల్లగాడు మొత్తుకున్నాడు.

"నీ మాల్‌ల వయొలిన్లు లేవయ్యా!" అని అరిచాను.

పాపం, ఏదో వస్తువు తక్కువ పడిందనుకుని వాడు ఖాళీ అట్టపెట్టెలో చెయ్యి పెట్టి వెతికాడు. అంతమంది ముందు నేను వాణ్ని నిలబెట్టి అడిగినందుకు మా ఆయన బయట స్కూటరు మీద కూర్చుని తల దించుకున్నాడట. నాకేమీ సిగ్గనిపించలేదు. పాటలంటే చెవికోసుకునే మనిషిని, నా వస్తువు పోతే నేను అడగనా?

అంత నమ్మకం ఎందుకంటే, మా దుకాణంలో వయొలిన్లు భేషుగ్గా వినబడేవి. ఇల్లు మారేడ్‌పల్లిలో, దుకాణం రాంగోపాల్‌పేట్‌లో ఒక సందులో. మాది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకుని వచ్చిన ఆడవాళ్లకు దానికి సరిపడే జాకెట్ ముక్కా, లైనింగూ, ఫాలూ ఇస్తాం. కింద నుంచి కప్పు దాకా గోడలన్నీ రంగుల తానులే. మా ఆయన కూర్చునే చోట, నెత్తికి పైన చెక్క మీద మా మామగారి కాలం నాటి ఆంప్లిఫయరు ఉంటుంది. ఇప్పుడు దానికి పెన్‌డ్రైవ్ తగిలించుకున్నాం గానీ డబ్బా అదే, స్పీకర్లు అవే. పొద్దున షట్టరు ఎత్తి అగరబత్తి వెలిగించగానే పాటలు మొదలవుతాయి.

ఆ డబ్బాలోంచి వయొలిన్లు ఎప్పటిలాగే వచ్చేవి. చూశారా! లోపం నాది కాదు, కొత్త సామాన్లది. వచ్చిన ప్రతి కస్టమరుకూ నేను ఈ సంగతి చెప్పేదాన్ని. జాకెట్ ముక్క కోస్తూ కోస్తూ, "అప్పటి మిషన్లు అప్పటివేనమ్మా, ఇప్పటివన్నీ డొల్ల" అనేదాన్ని. కొందరు తలూపేవాళ్లు. కొందరు మాత్రం మొహం చిట్లించి, మా ఆయన వైపు తిరిగి, "అన్నా, జెర పాటలు చిన్నగ పెట్టు, చెవులల్ల సూదులు గుచ్చినట్టున్నయ్" అనేవాళ్లు. వీళ్లకు సంగీతం మీద బొత్తిగా రుచి లేదని అనుకునేదాన్ని. మా ఆయన ఏమీ అనకుండా సౌండ్ కొంచెం తగ్గించేవాడు.

నాకు పాటలో మాటల కంటే ఆ మధ్యలో వాయించేదే ముఖ్యం. చిన్నప్పటి నుంచీ అంతే. పల్లవి అయిపోతుంది. ఇద్దరూ చెప్పుకోవాల్సింది ఏదో చెప్పుకోలేక ఆగిపోతారు. అప్పుడు ఫ్లూటు ఒకటి మెల్లగా అడుగుతుంది. దానికి వయొలిన్లన్నీ కలిసి జవాబు చెబుతాయి, ఒక మెట్టు ఎక్కి, ఇంకో మెట్టు ఎక్కి, ఇక చాలనుకునేంతలో ఇంకొకటి ఎక్కి, అక్కడి నుంచి జారుకుంటూ దిగొస్తాయి. కింద తబలా వాటిని పట్టుకుని చరణానికి అప్పజెబుతుంది. నాకు ఆ దిగడం దగ్గర ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటుంది. ప్రేమ గురించి నేను నేర్చుకున్నదంతా అక్కడే నేర్చుకున్నాను. మాటల్లో ఏముంది, ఎవరైనా రాసిస్తారు.

దాన్ని వాయించేవాళ్లు బిట్ అంటారట, ఇంకేదో అంటారట. మా ఇంట్లో మాత్రం దాని పేరు 'సందు'. ఆ మాట మా అత్తమ్మది. పల్లవికీ చరణానికీ నడుమ ఉన్నది కాబట్టి సందు. మొదటి సందు, రెండో సందు అనేది. ఆ మాట పుట్టిన రోజున నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతాను.

అప్పుడు నేను కాలేజీ పిల్లను. ఈ దుకాణానికే మా అమ్మ చీర పట్టుకుని మ్యాచింగ్ కోసం వచ్చాను. నెమలి కంఠం రంగు కావాలి. కౌంటరు మీద అత్తమ్మ, వెనకాల తానులు దించుతూ మా ఆయన. అంటే అప్పటికింకా ఎవరి ఆయనా కాదు. రేడియోలో పాట వస్తోంది. పల్లవి పూర్తయి వయొలిన్లు ఎక్కడం మొదలుపెట్టాయి, అంతే, కరెంటు పోయింది. నాకు అట్లా మధ్యలో ఆగిపోతే ఊపిరి ఆడదు. నాకు తెలియకుండానే నోటితో అందుకున్నాను. తారిరరీ, రిరరీ అని ఆ మెట్లన్నీ ఎక్కి, జారుకుంటూ కిందికి దిగి, తబలా కూడా నేనే కొట్టాను. నేను ఆగిన చోట, తానుల వెనక చీకట్లోంచి మగగొంతు ఒకటి చరణం ఎత్తుకుంది. లావుపాటి గొంతు. సరిగ్గా సమయానికి ఎత్తుకున్నాడు.

అత్తమ్మ కత్తెర పక్కన పెట్టి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఓ పోరీ, మాటలు పాడేటోళ్లను చూసిన గని, నువ్వు ఆ సందుల మ్యూజిక్ సుత పాడుతున్నవేందే?" అంది.

ఇక ఆ తర్వాత నాకు మ్యాచింగ్ అవసరాలు చాలా వచ్చాయి. మా ఇంట్లో చీరలన్నిటికీ జాకెట్లు తయారయ్యాయి. మా నాన్న ఒంటికాలి మీద లేచాడు, మామగారు కొన్నాళ్లు మాట్లాడలేదు, అత్తమ్మ మాత్రం, "సందు పాడే పిల్ల దొరికింది, మీకేం తెలుసు" అని మమ్మల్ని గట్టెక్కించింది. పెళ్లయ్యాక ఒప్పందం ఏమీ రాసుకోలేదు గానీ పని పంచుకున్నాం. మాటలు ఆయనవి, సందులు నావి. తానులు మడుస్తూ ఆయన పల్లవి అందుకునేవాడు, ముక్కలు కోస్తూ నేను సందు పాడేదాన్ని, మళ్లీ ఆయన చరణం. కొన్ని జంటలు టీవీ చూస్తాయి, మేము ఇది చేశాం. ఎవరైనా చుట్టాలు ఇంటికొస్తే, "మీ ఆలుమగల ఐటమ్ కానియ్యండి" అని అడిగేవాళ్లు. మేమేమీ సిగ్గుపడేవాళ్లం కాదు.

ఇప్పుడు సిమెంటు సంగతి చెప్పాలి. మా వ్యాపారంలో రంగులకు పేర్లే ప్రాణం. రాణి కలర్, ఉల్లిపొర కలర్, గంధం, వంగపండు, టమాటా, చిలకపచ్చ. చీర తెచ్చిన కస్టమరుతో ఇబ్బంది లేదు, కంటితో చూసి ఇస్తాం. చీర ఇంట్లో మరిచిపోయి నోటితో చెప్పే కస్టమరుతోనే వస్తుంది అసలు బాధ. అట్లా ఒకామె వచ్చి ఏదో రంగు అడిగింది. నేను చక్కగా మెంతి కలర్ తాను దించి పరిచాను.

"మెంతి కాదాంటీ, సిమెంట్ కలర్" అంది ఆమె.

అది ముదురు పసుపు, ఇది బూడిద రంగు. ఎక్కడైనా పొంతన ఉందా? "కొంచెం నోరు తెరిచి చెప్పమ్మా" అని ఆమెనే కసిరాను. మరుసటి వారం ఇంకొకామెతో అదే గొడవ. ఆ తర్వాత మారేడ్‌పల్లిలో మాకు బాగా కావలసిన టైలరమ్మ ఫోన్ చేసి సిమెంటు లైనింగ్ తెప్పించుకుంది. నేను మెంతి రంగు కోసి పంపాను. ఆమె ఆ ముక్కలన్నీ సంచిలో కుక్కి తెచ్చి కౌంటరు మీద కుమ్మరించింది.

"ఏందక్కా గిది? బూడిద రంగు చీరకు లోపల పసుపు లైనింగ్ కుట్టాల్నా? రెండుసార్లు చెప్పిన నీకు!"

"నువ్వు మెంతి అన్నవు."

"మెంతి ఎందుకంట? నేనేమన్న కూరకు అడిగిన్నా?"

మా ఆయన నవ్వి, ఆమెకు చాయ్ తెప్పించి, సిమెంటు తాను తనే దించి కోసిచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన నా పక్కకు జరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా రంగు పేరు చెప్పగానే, తనకేదో అలవాటైనట్టు దాన్ని మళ్లీ పైకి అనేవాడు. "సిమెంటా అమ్మా? ఆఁ, సిమెంటు." నాకు ఒళ్లు మండేది. నా వ్యాపారం నాకు తెలియదా, చంటిపిల్లకు ఓనమాలు నేర్పినట్టు ఈ మనిషి పక్కన కూర్చుని అప్పజెప్పడమేమిటి? ఇంట్లో కూడా ఊరికే చిరాకు పడేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. తానులను దించి, రంగుల వరస మార్చి, మళ్లీ పాత వరసలోకే ఎక్కించేదాన్ని. ఏదో పోతోందని లోపల తెలుస్తూనే ఉంది, ఏం పోతోందో ఒప్పుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

ఒక రోజు మా ఆయన హోల్‌సేల్ బజారుకు లైనింగ్ గుడ్డ కోసం పోయాడు. దుకాణంలో నేనొక్కదాన్నే. పాట నడుస్తోంది, నేను హాయిగా సందు పాడుకుంటున్నాను. చంటిపిల్లను ఎత్తుకుని వచ్చిన ఒకామె లోపలికి అడుగు పెట్టగానే ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుని ఏడుపు అందుకుంది. పెద్దవాళ్లు అంటే రుచి లేదని సరిపెట్టుకోవచ్చు, పసిదానికి నా మీద ఏం కోపం? స్టూలు వేసుకుని పైకెక్కాను, సౌండ్ తగ్గిద్దామని.

ఆంప్లిఫయరు గుండ్రటి మీటల జోలికి నేను పోను, అది మా ఆయన ఇలాకా. దసరాకు మాత్రం ఏటా స్టూలెక్కి, కత్తెరకూ, గజం బద్దకూ పెట్టినట్టే దానికీ బొట్టు పెడతాను. మీటల మీద, సరిగ్గా పైకి వచ్చేటట్టు, తలా ఒక కుంకుమ బొట్టు. పాత కుంకుమ ఎవరూ తుడవరు. సౌండ్ మీటను చూద్దామని వంగితే దాని పక్కన ట్రెబుల్ మీట కనబడింది. సన్నటి స్వరాలను పెంచేది అదే. అది కుడివైపు ఇంక తిరగనంత దూరం తిరిగి ఉంది. ఓహో, ఇదన్నమాట గుచ్చుతున్నది, మా ఆయనకు చూపు ఆనట్లేదు కాబోలు అని విసుక్కుని, దాన్ని తిప్పి నిటారుగా మధ్యలోకి తెచ్చాను. పిల్ల చెవుల మీంచి చేతులు తీసింది.

పాట పల్లవి పూర్తి చేసుకుని సందులోకి వచ్చింది. అక్కడ ఏమీ లేదు. తబలా ఉంది, గిటారు లావు తీగె ఉంది. వాటి మీద ఉండాల్సింది లేదు.

వైరు ఊడిందనుకున్నాను. మీటను కుడికి తిప్పాను, వయొలిన్లు వచ్చాయి, పిల్ల ఏడ్చింది. మధ్యకు తెచ్చాను, వయొలిన్లు పోయాయి, పిల్ల ఊరుకుంది. మళ్లీ తిప్పాను. కింద నిలబడ్డ తల్లి, "ఏం చేస్తున్నరాంటీ? పాట మంచిగనే వస్తుంది గదా ఇప్పుడు" అంది. మంచిగానే వస్తోందట. ఆ పిల్లకూ, ఆ తల్లికీ, సందులో పోయేవాళ్లందరికీ వస్తోంది. నాకు మాత్రం రావట్లేదు.

అప్పుడు చూశాను బొట్లు. మీట మీద నేను పెట్టిన కుంకుమ బొట్లు ఒక్కచోట లేవు. ఏటా పైకి ఉన్నచోటే పెట్టాను కాబట్టి, మీట కదలకపోతే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉండాలి. చాలా ఏళ్లు అట్లాగే పడ్డట్టున్నాయి, ఒకచోట దట్టంగా గడ్డకట్టి ఉంది. దానికి కొంచెం అవతల ఇంకో బొట్టు, ఇంకొంచెం అవతల ఇంకోటి, మొన్న దసరాది అన్నిటికంటే చివర. అంటే మీట ఒక్కసారిగా తిరగలేదు. ఏడాదికి కొంత చొప్పున, నాకు తెలియకుండా, ఎవరో తిప్పుకుంటూ వచ్చారు. ఎవరో ఏమిటి, ఆ మీట ముట్టుకునేది ఒక్కడే.

ఆయన గుడ్డ మూటతో వచ్చేసరికి పాటలు ఆపేసి కూర్చున్నాను.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఏంది?"

"ఆ ట్రెబుల్."

మూట కింద పెట్టాడు. మెడ మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు.

"ఓ దినం నువ్వు సందు పాడకుండ ఊకున్నవు. మైమరచినవేమో అనుకున్న. తెల్లారి సుత ఊకున్నవు. నాకు సమజ్ గాలే. ఊకె జెర తిప్పి చూసిన. మళ్ల పాడినవు," అన్నాడు.

"తర్వాత?"

"తర్వాత మళ్ల ఊకున్నవు. మళ్ల జెర తిప్పిన. గంతే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఊకుంటవా? నాకు చెవుడు అంటగడ్తున్నవా అని దుకాణం పీకి పందిరేస్తవు."

వేశాను కూడా. చెవుడు అన్న మాట ఆ నోటి నుంచి రాగానే నోటికొచ్చిందల్లా అన్నాను. ఇన్నాళ్లూ నన్ను పిచ్చిదాన్ని చేశావన్నాను, స్పీకరు షాపులో ఆ పిల్లగాడి ముందు నా పరువు పోతుంటే స్కూటరు మీద కూర్చుని చూశావన్నాను. చివరికి అరిచీ అరిచీ నాకే ఏడుపొచ్చింది. భయమేసి ఏడ్చాను. మీట ఆ చివరకు వచ్చేసింది, ఇంక తిప్పడానికి చోటు లేదు. వయొలిన్లు ఇంకో ఏడాదికి అక్కడ కూడా ఉండవు.

ఆ వారమే మా అమ్మాయి నన్ను చెవుల పరీక్షకు తీసుకుపోయింది. దూదిగోడల చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, కూత వినబడితే బటన్ నొక్కమన్నారు. లావు కూతలు వచ్చినంతసేపు టకటకా నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. పరీక్ష అయిపోయిందనుకుని డిప్పలు తీయబోతే, అద్దం అవతల ఉన్న అమ్మాయి వద్దని చెయ్యి ఊపింది. ఆమె వేస్తూనే ఉందట.

కాగితం మీద గీతను చూపించి ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "లావు సౌండ్స్ మంచిగనే ఉన్నాయాంటీ. సన్నవి తగ్గినయ్. వయసుతో కొందరికి వస్తుంది. మాటల్లో స, ష, చ లాంటివి ముందు జారిపోతాయి."

సిమెంటులో 'సి' పోతే మిగిలేది మెంటు. నాకు అక్కడే నవ్వొచ్చింది, మా అమ్మాయి కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది.

చెవి మిషను పెట్టించుకున్నాను. నిజం చెప్పాలి, మొదటిరోజు పండగలా ఉంది. కత్తెర గుడ్డలోకి దూసుకుపోతే సర్రుమంటుందని మరిచే పోయాను. నా గాజులు గలగలమన్నాయి. కస్టమరు "సిమెంట్" అనగానే సిమెంటు దించాను. మా ఆయన పక్కన కూర్చుని ఆ పేరు మళ్లీ అనబోయి ఆగిపోయాడు. "పాటలు పెట్టు" అన్నాను ధీమాగా, "ట్రెబుల్ నిటారుగ పెట్టి పెట్టు."

పెట్టాడు. సందు వచ్చింది. వయొలిన్లూ వచ్చాయి, కానీ అవి వయొలిన్లు కావు. రేకు డబ్బాలో వణుకుతున్నాయి. పైమెట్టు మీద నిలవాల్సిన చోట బుడబుడమని మునిగి తేలాయి. మిషను పీకేసి కౌంటరు మీద కొట్టాను. మర్నాడే పోయి ఆ అమ్మాయితో దెబ్బలాడాను.

"ఇది మాటల కోసం చేసింది ఆంటీ. పాటలకు వేరే సెట్టింగ్ పెడతాను" అని ఏదో సవరించింది. కొంత నయమైంది. ఆ అమ్మాయి తప్పు లేదు, చేయగలిగింది చేసింది. కానీ ముప్పై ఏళ్లు బట్టలు అమ్మినదాన్ని, పట్టుకూ పాలిస్టరుకూ తేడా కళ్లు మూసుకుని వేలితో చెబుతాను. నాకు ఇచ్చింది పాలిస్టరు.

ఇక నేను పాటలు పెట్టనివ్వలేదు. పెన్‌డ్రైవ్ పీకి గల్లాలో పడేశాను. వ్యాపారం బాగా సాగింది, ఒక్క రంగూ తప్పలేదు. దుకాణం మాత్రం బట్టల గోదాములా తయారైంది. సందులో ఆటోల హారన్లు, పక్కవాళ్ల బేరాలు, అన్నీ మిషను తెచ్చి నా చెవిలో పోసేది, నాకు కావలసింది తప్ప. అసలు నాకు ఎవరు ఏం మాట్లాడినా నచ్చేది కాదు. ఇంట్లో అన్నం తింటూ తింటూ లేచి బాల్కనీలోకి పోయేదాన్ని. మా ఆయన కూడా పాడటం మానేశాడు. మొదట్లో నా మీద జాలితో మానేశాడనుకున్నాను, ఆ జాలి మీద కూడా కోపమొచ్చింది.

ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, ఆయన తానులు మడుస్తున్నాడు. చేతులు పాత తాళానికే కదులుతున్నాయి, నోరు మాత్రం మూసుకునే ఉంది. నేనిక ఆగలేకపోయాను.

"ఏందయ్యా, నువ్వెందుకు పాడతలేవు? చెవి పోయింది నాకు, నీ గొంతుకేమైంది? నువ్వన్న పాడుకో."

"నువ్వు ఆపినవు గదా."

"నేను పాడేది వయొలిన్లు. అవి నాకు ఇనవడతలేవు. కరెక్టుగ పోతున్ననో లేదో సుత తెల్వది. నీకైతే రికార్డు మంచిగనే ఇనవడుతది, పెట్టుకొని పాడు."

ఆయన మడిచిన తానును మళ్లీ విప్పాడు. ఎందుకు విప్పాడో ఆయనకే తెలియదు.

"నేను రికార్డు ఎన్నడు ఇన్ననే?" అన్నాడు.

"అంటే?"

"నీ నోటి నుంచి రాంగనే నా చెవులు నీ దిక్కే వస్తయి. ఆనాడు కరెంటు పోయిన కాన్నుంచి గంతే. డబ్బాల ఏం వాయిస్తరో నాకు తెల్వది, ఒట్టు. ట్రెబుల్ తిప్పింది నీ కోసమనుకుంటున్నవా? నాకు వయొలిన్లంటే నువ్వు పాడేటివే. నువ్వు ఆపినవు, నాకు సుత ఇనవడతలేవు."

నా మట్టుకు నేను నా ఒక్కదానిదే పోయిందని ఇల్లంతా, బజారంతా తొక్కుకుంటూ తిరిగాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఇట్లా ఏడవబోవడం అత్తమ్మ పోయినప్పుడు ఒక్కసారి చూశాను.

ఆయన మొహం తానుల వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి, అటే తిరిగి, పల్లవి ఎత్తుకున్నాడు. ఆ రోజు నెమలి కంఠం ముక్క కోసం వచ్చినప్పుడు రేడియోలో వచ్చిన పాటే. పల్లవి చివరిదాకా పాడి ఆగాడు. వెనక్కి చూడలేదు. చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

మిషను పెట్టుకుని పాడితే నా గొంతు నాకే బిందెలోంచి వచ్చినట్టు ఉంటుంది. రెండు మిషన్లూ తీసి హుక్కుల డబ్బాలో పెట్టాను. భయం భయంగా అందుకున్నాను. తారిరరీ. మొదటి మెట్టు వినబడింది. రెండోదీ వినబడింది. ఎందుకు వినబడదు? అది నా లావు గొంతు, వయొలిన్లంత పైకి అది ఏనాడు పోయింది గనక! ఇన్నేళ్లూ నేను పాడింది వయొలిన్ల కింద ఎక్కడో ఉంది, పైన ఉన్నాననుకున్నాను. మూడో మెట్టు ఎక్కి, ఇక చాలనుకునే చోట ఇంకొకటి ఎక్కి, జారుకుంటూ దిగాను. తబలా కౌంటరు మీద వేళ్లతో కొట్టాను. ఒళ్లు జల్లుమంది, ఎప్పటిలాగే.

ఆయన చరణం ఎత్తుకోబోతుంటే దుకాణం మెట్ల మీద ఒకామె కనబడింది. చీర తేలేదు, చేతిలో ఉత్త సంచి. నా వైపు చూసి ఏదో రంగు అడిగింది. పెదవులు కదిలాయి, మాట సగమే వచ్చింది. నా చెయ్యి మెంతి తాను మీదికి పోయి మధ్యలో ఆగింది. మిషన్లు డబ్బాలో ఉన్నాయి. మా ఆయన వైపు చూశాను.

ఆయన పాట ఆపలేదు. చరణం మొదటి మాట తీసేసి, అదే రాగంలో, అదే లావు గొంతుతో, "సిమెంటూ..." అని ఎత్తుకున్నాడు.

ఆమె తెల్లబోయి చూస్తుంటే, నేను సిమెంటు రంగు తాను దించి ఆమె ముందు పరిచాను.